పక్షిరాజా, నీ అసలు పేరేమిటి?

ఎర్రగడ్డలో ఆదివారం నాడు రోడ్డు పక్కన పరిచే సంతలో దొరకని వస్తువంటూ ఉండదు. పాత సైకిలు చక్రాలు, మోటార్లు, పానాలు, స్క్రూడ్రైవర్లు, ఎవరింటి గోడ మీంచో దిగివచ్చిన గడియారాలు. ఓ పక్కన గోనెపట్టా మీద సెల్‌ఫోన్లు కుప్పగా పోసి ఉంటాయి. గాజు పగిలినవి, బ్యాటరీ ఉబ్బినవి, మీటల మీద అంకెలు అరిగిపోయినవి. మా మేనల్లుడు ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఒక్కో సెట్టునూ చెవి దగ్గర ఊపి చూసి ఏరుకుంటాడు. ఇంటర్ మధ్యలో ఆపేసి ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో రిపేరు పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఎర్రగడ్డలోనే చిన్న డబ్బా దుకాణం పెట్టుకున్నాడు.

ఈమధ్య ఓ సాయంత్రం అక్కడ కూర్చుంటే, కొత్తగా తెర మార్చిన పాత సెట్టొకటి మా చేతిలో పెట్టాడు. "డిస్‌ప్లే ఎట్లుందో చూడు మామూ" అని '2.0' సినిమా పెట్టాడు. "ఇది మా సినిమా. సెల్‌ఫోన్ల సినిమా" అని నవ్వాడు.

మేము ఈ సినిమాను 2018 నవంబరు 29న విడుదలైన మొదటివారంలోనే చూశాం. త్రీడీ కళ్లద్దాలు పెట్టుకుని, వెనకసీటు పిల్లల కేకల మధ్య. అప్పుడు మేమూ కేకలేశాం. ఇప్పుడు అరచేయంత తెర మీద, మధ్య మధ్య గిరాకీలొచ్చి అడ్డుపడుతుంటే, మూడు సాయంత్రాలు కూర్చుని మళ్లీ చూశాం. పెద్ద తెర మీద చూసిన సినిమా, చిన్న తెర మీద చూసిన సినిమా ఒకటి కాదనిపించింది. ఆ తేడా గురించే ఈ నాలుగు మాటలు.

కథ చాలామందికి తెలిసిందే. 2010లో శంకర్ తీసిన 'రోబో'కు ఇది రెండోభాగం. శాస్త్రజ్ఞుడు వశీకరన్, అతను చేసిన మరమనిషి చిట్టి, రెండూ రజనీకాంతే. మొదటి సినిమా చివర కోర్టు తీర్పుతో చిట్టిని విడగొట్టి మ్యూజియంలో పెడతారు. రెండో సినిమా మొదట్లో ఓ ముసలాయన సెల్ టవరెక్కి ఉరేసుకుంటాడు. తర్వాత నగరంలో జనం చేతుల్లోంచి, జేబుల్లోంచి సెల్‌ఫోన్లన్నీ ఎగిరిపోతాయి. ఒక సెల్‌ఫోన్ల వ్యాపారి, ఒక టెలికం కంపెనీ యజమాని, ఒక మంత్రి దారుణంగా చచ్చిపోతారు. లక్షలాది సెల్‌ఫోన్లు కలిసి ఓ మహాపక్షి అవుతాయి. దాన్ని ఎదిరించడానికి చిట్టిని మళ్లీ లేపుతారు. ఆ పక్షి లోపలున్న ఆత్మ, టవరు మీద ఉరేసుకున్న ముసలాయనది. పక్షిశాస్త్రం చెప్పిన మాస్టారు పక్షిరాజా. ఆ పాత్ర అక్షయ్ కుమార్ వేశాడు.

ముందు మంచి చెప్పుకుందాం. ఈ సినిమాకు పెట్టిన ఖర్చు నాలుగొందల కోట్లకు పైమాటేనని పత్రికలు రాశాయి. ఆ డబ్బు తెర మీద కనిపిస్తుంది. మామూలుగా తీసి తర్వాత త్రీడీలోకి మార్చింది కాదు, మొదటి నుంచీ త్రీడీ కెమెరాలతోనే తీశారు. అందుకే లోతు అతికించినట్టుండదు. నీరవ్ షా కెమెరా, ముత్తురాజ్ సెట్లు, వి. శ్రీనివాస్ మోహన్ పర్యవేక్షించిన గ్రాఫిక్సు ఎవరి పని వారు గొప్పగా చేశారు. ఈ శ్రీనివాస్ మోహనే 'బాహుబలి'కీ పనిచేశాడు.

రోడ్డు నిండా సెల్‌ఫోన్లు చీమలబారుల్లా, పాముల్లా పాకుతూ రావడం మేము మరచిపోలేం. అడవిలో చెట్లన్నీ ఆకులకు బదులు వెలిగే తెరలతో నిండిపోవడం కూడా. రోజూ చెవికి ఆనించుకునే వస్తువును చూస్తే భయం పుట్టించాడు శంకర్. మామూలు వస్తువులోంచి భయం పుట్టించడం తేలిక కాదు. దయ్యాన్ని చూపించి భయపెట్టడం ఎవరైనా చేస్తారు. తకియా కింద పెట్టుకుని పడుకునే వస్తువుతో భయపెట్టడానికి చూపుండాలి.

శబ్దం మాట వేరే చెప్పాలి. రెక్కలు కొట్టుకునే చప్పుడు, వేల ఫోన్లు ఒక్కసారి మోగే చప్పుడు రసూల్ పూకుట్టి చేతిపని. సంగీతం ఎ.ఆర్. రహమాన్. పేర్లు పడుతుంటే మా కళ్లు వద్దన్నా మన పేర్ల కోసం వెతుకుతాయి. ఆ అలవాటు మాకెందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. రెండు పేర్లు దొరికితే ఛాతీ కాస్త పొంగుతుంది. మూడో పేరు సంగతి తర్వాత చెబుతాం.

ఇక చిన్న తెర. అందులో లోతు పోయింది, రెక్కల చప్పుడు పోయింది, మహాపక్షి పిచ్చుకంత అయింది. బొమ్మల మాయ పోయాక కథ బరువెంతో తెలిసింది. మొదటిసగమంతా ఫోన్లు ఎగరడం, పోలీసులు పరుగెత్తడం, సమావేశాలు. మనుషులంటూ ఎవరూ లేరు. 'రోబో'లో కథానాయిక సనా. మా ఇళ్లలో ఎందరు సనాలో! ఆ సినిమాలో ఐశ్వర్యారాయ్‌గా నడిచిన సనా, రెండో సినిమాకొచ్చేసరికి ఫోనులో వినిపించే గొంతు మాత్రమే. అదీ భర్తను సతాయించే గొంతు. ఆమె స్థానంలో ఎమీ జాక్సన్ వేసిన ఆడ మరబొమ్మ, చెప్పిన పని చేసే తెలివైన నౌకరాణి. ఆడదాన్ని గొంతుగానో బొమ్మగానో కుదించిన భవిష్యత్తు కొత్తదెలా అవుతుంది?

తర్వాత సైన్సు. మేము ఆర్ట్సు చదివినవాళ్లం, సైన్సులో తప్పులెన్నే తాహతు లేదు. కానీ అడిగి తెలుసుకునే వృత్తిలో ఉన్నాం. సెల్ టవర్ల రేడియేషన్ వల్లే పిట్టలు రాలిపోతున్నాయని సినిమా ఘంటాపథంగా చెబుతుంది. టవర్లు పక్షులకూ తేనెటీగలకూ ఏం చేస్తున్నాయో పరిశీలించమని కేంద్ర పర్యావరణశాఖ 2010లో కమిటీ వేసిన మాట నిజం. 2012 సెప్టెంబరు నుంచి మన దేశంలో టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదోవంతుకు తగ్గించిన మాటా నిజం. అయితే 2020లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక, ఊరపిచ్చుకలు దేశం మొత్తం మీద నిలకడగానే ఉన్నాయనీ పెద్ద నగరాల్లో మాత్రం తగ్గాయనీ చెప్పింది. తగ్గడానికి గూళ్లకు చోటు లేకపోవడం, పిల్లలకు పెట్టే పురుగులు దొరక్కపోవడం వంటి కారణాలు చూపించింది. టవర్లే కారణమనడానికి గట్టి రుజువు లేదంది.

ఇది మాకు పుస్తకం చూడకుండానే అర్థమయ్యే సంగతి. మా నానీమా ఇంట్లో గోడకు తాక్‌లుండేవి, పైన కవేలు కప్పు. కాబాషరీఫ్ పటం వెనక పిచ్చుక గూడు పెడితే పుల్లలు రాలుతున్నాయని అమ్మీ విసుక్కునేది. నానీమా మాత్రం తీయనిచ్చేది కాదు. ఆ ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు లేపారు. పిచ్చుకకు తాక్ లేదు, పటం వెనక సందు లేదు. పిచ్చుకను వెళ్లగొట్టినవాళ్లలో బిల్డరున్నాడు, పురుగుమందు కంపెనీ ఉంది, మేమూ ఉన్నాం. ఇన్ని కారణాలు చెబితే సినిమాకు విలన్ దొరకడు. అందుకని శంకర్ ఒక్క సెల్‌ఫోనును పట్టుకున్నాడు.

దానికి తోడు ఆత్మలు, ప్రతికూల శక్తి, అనుకూల శక్తి. కంప్యూటర్ల ముందు కూర్చుని వశీకరన్ చేసేది భూతవైద్యమే. అదే పని దర్గాలో ఫకీరు నెమలీకల కట్టతో చేస్తే మూఢనమ్మకమంటారు, లేబొరేటరీలో చేస్తే సైన్సంటారు. ఆ మంత్రించే పనేదో మాకు తెలియనిది కాదు, పేరు మార్చి చూపిస్తే మాత్రం నవ్వొస్తుంది.

ఇంకో తమాషా. సినిమా విడుదలకు ముందు సెల్ కంపెనీల సంఘం ఇది అబద్ధాలు ప్రచారం చేస్తోందని సెన్సారుబోర్డుకు ఫిర్యాదు చేసింది. సినిమా తీసింది ఎవరయ్యా అంటే లైకా ప్రొడక్షన్సు. విదేశాల్లో సెల్‌ఫోన్ సేవలమ్మే లైకామొబైల్ వారి సంస్థే అది. సెల్‌ఫోను మీద కోపాన్ని కూడా సెల్‌ఫోన్ల సొమ్ముతోనే తీసి మనకు టికెట్టు పెట్టి అమ్మారు. కోపం కూడా సరుకే అయినప్పుడు దాని మొన కొంచెం విరిచే ఇస్తారు. ఈ సినిమాలో అదే జరిగింది.

ఇక అసలు సంగతికొద్దాం. ఆ మూడో పేరు.

పక్షిరాజా తెల్లగడ్డం, కళ్లద్దాలు, పిట్టల పిచ్చి చూసి ఇది సలీం అలీని చూసి గీసిన బొమ్మేనని అప్పుడే చాలా పత్రికలు రాశాయి. సలీం అలీ ఎవరో మనలో ఎంతమందికి తెలుసు? 1896లో బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టాడు. పసితనంలోనే తల్లిదండ్రులు పోతే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచాడు. చిన్నప్పుడు గాలితుపాకీతో ఓ పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు పచ్చగా ఉంది. ఇదేం పిట్టో చెప్పమని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకుపోయాడు. అక్కడ మొదలైన అన్వేషణ 1987లో పోయేదాకా ఆగలేదు. సరైన డిగ్రీ లేదని సర్కారీ ఉద్యోగం ఇవ్వలేదు. ఆ మనిషే 1941లో భారతదేశపు పక్షుల మీద రాసిన పుస్తకం తరాల తరబడి పక్షిప్రేమికుల చేతుల్లో నలిగింది. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది.

మనకు ఇంకా దగ్గరి సంగతొకటుంది. 1931-32లో ఆయన హైదరాబాదు రాజ్యమంతా తిరిగి పిట్టల సర్వే చేశాడు. నిజాం సంస్థానంలో ఏ చెరువు దగ్గర, ఏ అడవిలో ఏ పిట్ట ఉందో లెక్కరాశాడు. ఆ సర్వే బాంబే సొసైటీ పత్రికలో భాగాలుగా అచ్చయింది. మన పిట్టల చరిత్రలో తొలి పుటలు రాసిన చేతుల్లో ఓ ముసల్మాను చెయ్యి ఉందన్నమాట. ఈ దేశానికి మేమేం చేశామని అడిగేవాళ్లకు తాజ్‌మహలూ చార్మినారూ చూపించి అలసిపోయాం. ఓ పిట్టనైనా చూపించి ఉండాల్సింది.

అలాంటి మనిషి పోలిక తీసుకుని సినిమావాళ్లు పక్షిరాజా అని పేరుపెట్టారు. మొదట మాకు కోపమొచ్చింది. గడ్డం తీసుకున్నారు, కళ్లద్దాలు తీసుకున్నారు, జీవితమంతా చేసిన పని తీసుకున్నారు. పేరొక్కటే పనికిరాలేదా అనుకున్నాం. ఇదే మాట మేనల్లుడితో అన్నాం.

వాడు సోల్డరింగ్ ఆపి మావైపు చూశాడు. "సలీం అనే పెట్టారనుకో మామూ. సలీం అనే ముసలాయన చచ్చి దయ్యమై ఊరి మీద పడి మంత్రిని చంపుతాడు. మరుసటిరోజు నేను దుకాణం తెరవగలనా?"

మా దగ్గర జవాబు లేకపోయింది. పేరు తీసేస్తే మేము లేనట్టు, పేరు పెడితే మేమే ముష్కరులం. సినిమాల్లో ముస్లిం పాత్ర గురించి మూడు దశాబ్దాలుగా మేము రాసుకున్న వ్యాసాలన్నీ ఈ రెండు గోడల మధ్యే తిరిగాయి. స్నేహితుడి కోసం ప్రాణమిచ్చే భాయి, బాంబు పెట్టే భాయి తప్ప మూడోవాడు లేడని మొత్తుకున్నాం. మూడోవాడు వచ్చాడు. శాస్త్రజ్ఞుడు, మాస్టారు, పిట్టల కోసం కోర్టుకెక్కినవాడు. వచ్చేసరికి వాడి పేరు మనది కాదు. అయినందుకు బాధ, కానందుకు లోలోపల ఊరట. ఊరటపడ్డందుకు సిగ్గు. ఏ సినిమా సమీక్షలోనూ రాయని సంగతి ఇదే. సెక్యులర్ మిత్రులు మమ్మల్ని అర్థం చేసుకోవాలంటే ఈ ఊరటను అర్థం చేసుకోవాలి.

పేరు అటుంచినా, సినిమా ఆయన కోపానికి ఇచ్చిన తీర్పు మాకు తెలిసినట్టే ఉంది. పక్షిరాజా మొదట అర్జీలు పెడతాడు. కోర్టుకు పోతాడు. అధికారుల్ని, మంత్రుల్ని బతిమాలతాడు. ఎవరూ వినకపోతే ఉరేసుకుంటాడు. అతను చెప్పింది నిజమేనని చివర్లో వశీకరన్ కూడా ఒప్పుకుంటాడు. అంటే ఫిర్యాదు నిజం, ఫిర్యాదుదారు మాత్రం రాక్షసుడు. బాధను ఒప్పుకుని బాధితుణ్ణి చంపే న్యాయం ఇది. ఆయన గతమంతా సినిమాలో విశ్రాంతి తర్వాత కొద్దిసేపే. మిగతా కాలమంతా ఆయన గోళ్లూ రెక్కలే. కొద్దిసేపు ఔలియా, మిగతాసేపు షైతాను. అసలు సలీం అలీ ఆ రెండూ కాదు. తుపాకీ పట్టి పిట్టను కొట్టినవాడే పిట్టల్ని కాపాడే మనిషయ్యాడు. అలా మారగలిగే మనిషిని సినిమా ఊహించలేకపోయింది.

చిట్టి సంగతి చూడండి. 'రోబో'లో ఎర్రచిప్పు పెట్టాక చిట్టి ఎంతమందిని చంపాడు! సైన్యం కట్టాడు, నగరాన్ని గడగడలాడించాడు. అయినా చిట్టికి రెండో అవకాశం ఉంది. అదే ఎర్రచిప్పు మళ్లీ పెడితే ఈసారి థియేటరంతా ఈలలు. సర్కారు వైపున్న మరమనిషికి 2.0 ఉంది, 3.0 కూడా ఉంది. పక్షిరాజాకు ఒక్కటే బతుకు, అదీ టవరు మీద ముగిసింది. 2007 మే 18న మక్కామసీదులో బాంబు పేలాక పట్టుకుపోయిన మా కుర్రవాళ్లలో చాలామంది నిర్దోషులని తర్వాత కోర్టులు తేల్చాయి, ప్రభుత్వం నష్టపరిహారమూ ప్రకటించింది. పత్రికాపనిలో మేము అలాంటి కుర్రవాళ్లను కలిశాం. ఎవరిని అడిగినా ఒకటే మాట, పిల్లనిచ్చేవాడు లేడు, అద్దెకు ఇల్లిచ్చేవాడు లేడని. వాళ్లకు రెండో భాగం ఎవరు తీస్తారు?

అన్నిటికంటే మమ్మల్ని కుదిపింది ముగింపు. చిట్టి కూడా పక్షిరాజాను నేరుగా గెలవలేకపోతాడు. అప్పుడు అంగుష్ఠమాత్రపు మరబొమ్మలు పావురాల మీద సవారీ చేస్తూ వస్తాయి. లొంగకపోతే ఈ పావురాల్ని చంపేస్తామని బెదిరిస్తాయి. పిట్టల ప్రాణం కోసమే చచ్చిన మనిషిని పిట్టల ప్రాణం అడ్డుపెట్టుకుని ఓడిస్తారు. తాకట్టు పెట్టుకోవడమంటారు దీన్ని. విలన్ చేస్తే నేరం, హీరో చేస్తే హాస్యం. 2018లో ఆ సన్నివేశానికి మేము పగలబడి నవ్వాం. చిన్న తెర మీద నవ్వు రాలేదు. మక్కామసీదు ముంగిట్లో జొన్నలు చల్లి పావురాల్ని పిలిచే ఊరివాళ్లం. ఆ పావురాలనే సైనికులకు గుర్రాలను చేశారు.

పిట్టల దండు కథలు మాకు కొత్తకాదు. కాబా మీదికి ఏనుగుల సైన్యంతో వచ్చిన అబ్రహాను అబాబీల్ పిట్టలు రాళ్లు విసిరి ఓడించిన కథ ఖురాన్‌లో ఫీల్ సూరాలో ఉంది. పన్నెండో శతాబ్దపు ఫారసీ కవి ఫరీదుద్దీన్ అత్తార్ పక్షుల కావ్యమే రాశాడు. హుద్‌హుద్ పిట్ట వెంట వేలాది పక్షులు తమ రాజు సీముర్గ్‌ను వెతుక్కుంటూ ఏడు లోయలు దాటుతాయి. చివరికి మిగిలినవి ముప్ఫై. అక్కడ వాటికి కనిపించేది తమ రూపమే. ఫారసీలో సీ ముర్గ్ అంటే ముప్ఫై పిట్టలని అర్థం. శంకర్ మహాపక్షి కూడా ఎన్నో ఆత్మలు కలిసి అయిందే. ఊహ అంత పెద్దదే. కానీ అత్తార్ పక్షుల్లో మనం మనల్ని చూసుకుంటాం, శంకర్ పక్షిని చూసి పారిపోతాం. లక్షల ఫోన్లు మన జేబుల్లోంచి పోయినవే కదా, ఆ పక్షిలో మన ముఖం ఎందుకు కనిపించకూడదు? ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఇది గొప్ప సినిమా అయ్యేది. ఇప్పుడైతే గొప్ప బొమ్మల సినిమా.

తప్పంతా మద్రాసు వాళ్ల మీద తోసేయడం న్యాయం కాదు. ఓటరు జాబితాలో ఎర్రగడ్డ వాళ్లం జూబ్లీహిల్స్ నియోజకవర్గం వాళ్లమే. ఫిల్మ్‌నగర్ బండి మీద పోయే దూరం. సెట్లకు రంగులేసేవాళ్లు, లైట్లు మోసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు మా బస్తీల్లోనూ ఉన్నారు. తెలుగులో 1991లోనే సింగీతం 'ఆదిత్య 369' తీసి కాలంలో వెనక్కీ ముందుకీ తిప్పాడు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' కురుక్షేత్రం నుంచి బయలుదేరి ఎనిమిదొందల ఏళ్ల భవిష్యత్తుకు పోయింది. ఎంత ముందుకు పోయినా మన సైన్సు సినిమా బయలుదేరే ఊరు పురాణమే. అత్తార్ ఊరినుంచో, సలీం అలీ నడిచిన చెరువుగట్టు నుంచో బయలుదేరే కథ ఎవరు రాయాలి? రాయవలసినవాళ్లం మేమే కదా.

మా సొంత లెక్క కూడా చెప్పాలి. 2018లో ఈ సినిమా వచ్చినప్పుడు మేము పనిచేస్తున్న ఉర్దూ పేజీలో రజనీకాంత్ మీద మూడు కాలాలు వేశాం. తెలుగు పేజీకి వసూళ్ల అంకెలు రాశాం. సలీం అలీ గురించి రెండు భాషల్లోనూ ఒక్క వాక్యం రాయలేదు. మేనల్లుడిని అడిగితే "సలీం అలీ అంటే క్రికెటరా మామూ?" అన్నాడు. వాడికి ఆ పేరు తెలియకపోవడానికి శంకర్ కారణం కాదు.

ఆ సాయంత్రం వాడికి కలివికోడి కథ చెప్పాం. లోకంలో ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ కనిపించింది. సలీం అలీ జీవితమంతా పనిచేసిన బాంబే సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్, స్థానిక పక్షివేటగాళ్ల సాయంతో దాన్ని కనుక్కున్నాడు. అప్పటికి సలీం అలీ తొంభైకి దగ్గర పడ్డాడు. రాత్రిళ్లు ముళ్లకంపల్లో టార్చిలైటు పట్టుకుని పిట్టను వెతికే మనుషులు! అందులో త్రీడీ అక్కర్లేని సినిమా ఉంది.

వాడు విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత చేతిలో ఉన్న సెట్టు మాకిచ్చి, "ఆ ముసలాయన ఫోటో ఉంటే వెతికి పెట్టు మామూ, చూస్తా" అన్నాడు. వెతికిచ్చాం. గాజు మీద ఇంకా జిగురు ఆరని ఆ తెర మీద సలీం అలీ, మెడలో దుర్భిణి వేసుకుని. "గడ్డం నిజంగానే కలిసింది" అన్నాడు మా మేనల్లుడు. ఆ పేరు ఉర్దూలో ఎట్లా రాస్తారని అడిగాడు. రిపేరు చీటీ వెనక రాసి ఇచ్చాం.